తులానికి లక్ష పోగులు

మా ఆఫీసు పేరు ఒక్క గుక్కలో చెప్పగలిగిన మొనగాడు నాకింతవరకూ కనపడలేదు. పైపు పొగాకు సన్నకోత ప్రోత్సాహక, ప్రామాణిక, పర్యవేక్షక కేంద్రం. ఒంగోలు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు దాటాక, కుడిచేతి వైపు కనిపించే పసుపు రంగు బిల్డింగు మాదే. మొత్తం ఇరవై ఎనిమిది మందిమి. నేను హెడ్డు గుమాస్తాను, పేరు పానకాలరావు. ఇరవై ఎనిమిది మందిలో ఇరవై ఏడుగురం పొగాకు కోత గురించి ఫైళ్లు రాస్తాం. మిగిలిన ఒక్కడు పొగాకు కోస్తాడు. మా అందరిలోకీ టెంపరరీ ఉద్యోగి కూడా అతనొక్కడే.

అతని పేరు బుడేసాహెబు. ఆకుకి ఈనె తీసి, బెల్లం నీళ్లు చిలకరించి, తాడులా చుట్టి, గోనెగుడ్డ కట్టి రెండు రోజులు రాయి కింద పెట్టేవాడు. మూడో రోజు ఆ చుట్టని చింతమొద్దు మీద పెట్టి కత్తి ఆడిస్తే, సేమ్యా కంటే సన్నంగా పోగులు పడేవి. వానాకాలం కొంచెం లావు కోసేవాడు, చలికాలం కొంచెం సన్నం. అదేం తిక్కయ్యా అని ఒకసారి అడిగాను.

"వానకి ఆకు మెత్తబడతది సారూ. అప్పుడు మరీ సన్నంగా కోస్తే పైపులో ముద్దయి కూచుంటది. పొగ రాదు, తిట్లొస్తయి" అన్నాడు.

ఆ తిట్లు తిట్టే అధికారం ఉన్న మనిషి విక్టర్ గారు. రిటైరైన రైల్వే గార్డు. మా కేంద్రానికి "ఆస్వాదన కమిటీ" అని ఒకటుంది. తయారైన పొగాకు తాగి చూసి అభిప్రాయం చెప్పాలి. ఊరు మొత్తానికి పైపు తాగేది ఆయనొక్కరే కాబట్టి కమిటీలో సభ్యుడూ ఆయనే, అధ్యక్షుడూ ఆయనే. కోరం లేదని మీటింగు వాయిదా పడ్డ పాపాన పోలేదు. ప్రతినెలా ఒకటో తారీఖున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చుని, పైపు నింపి, ఒకే ఒక్క అగ్గిపుల్ల గీసేవారు. ఆ తర్వాత ముప్పావుగంట ఆయన ఈ లోకంలో ఉండేవారు కాదు.

"లావు కోతయితే నాలుగు పుల్లలు గీసినా అంటుకోదు పానకాలరావూ" అని నాకు పాఠం చెప్పేవారు. "ఇది చూడు, వేలితో ఇట్టా అంటే చాలు, తనంతట తనే సర్దుకుంటది. పుల్ల చూపిస్తే అంచు నుంచి అంచుకి పాకుద్ది. అట్టాగని మరీ సన్నం చేస్తే భగ్గుమని మండి నాలిక కాలుద్ది. ఎక్కడ ఆపాలో తెలియాలి. అది మన బుడే చేతికి తెలుసు."

నాకు బీడీ కూడా అలవాటు లేదు. అయినా ఆయన చెబుతుంటే నోట్లో నీళ్లూరేవి.

ఆ ఏడు జనవరిలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పదేళ్లు దాటిన టెంపరరీ ఉద్యోగుల్ని డిసెంబరు ముప్పై ఒకటి లోపు పర్మనెంటు చెయ్యాలి. అయితే వాళ్ల పని "కేంద్ర ప్రమాణాలకు అనుగుణంగా" ఉందని సర్టిఫికెట్ ఉండాలి. లేనివాళ్లని జనవరి ఒకటిన ఇంటికి పంపాలి. బుడేసాహెబుది పంతొమ్మిదేళ్ల టెంపరరీ సర్వీసు, వయసు అప్పటికే నలభై ఏడేళ్లు. ఇంకెక్కడా ఉద్యోగం పుట్టే వయసు కాదు. ఉత్తర్వు కాపీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"ఈసారన్నా అయిద్దంటారా సారూ?"

"నీ కోతకి వంక పెట్టే మగాడెవడయ్యా? కళ్లు మూసుకుని అయిపోద్ది, పో" అన్నాను. నా నోట్లో ఆ రోజు ఏ గ్రహం కూర్చుందో తెలియదు.

ఫిబ్రవరిలో కొత్త డైరెక్టరు మృత్యుంజయరావు గారు వచ్చారు. అంతకుముందు చేపల శాఖలో చేశారు. అక్కడ చేపల తలల్నీ తోకల్నీ విడివిడిగా లెక్కపెట్టించి ఉత్పత్తిని రెట్టింపు చేసిన ఘనులని పేరు. ఆయన కుర్చీలో కూర్చున్న మూడో రోజున ఏదో చలిదేశం నుంచి పైపు తాగేవాళ్ల సంఘం ఒకటి ఉత్తరం రాసింది. మా శాంపిలు డబ్బా వాళ్లకి అందిందట. ఇంత సన్నగా కోసిన పొగాకు తాము ఎరగమనీ, ఒక్క పుల్లకే అంటుకుంటోందనీ, ప్రాణం హాయిగా ఉందనీ రాశారు. కింద ఎనిమిది సంతకాలు. తొమ్మిదో సభ్యుడికి జ్వరమట, ఆయన కూడా హాయిగానే ఉన్నట్టు తెలియజేయమన్నాడట.

డైరెక్టరుగారు అందర్నీ పిలిపించి ఆ ఉత్తరం నిలబడి చదివారు.

"సోదర ఉద్యోగులారా! ప్రపంచము మన నుండి సన్నదనమును కోరుచున్నది. సన్నదనము అభిలషణీయమైనచో, అధిక సన్నదనము అధిక అభిలషణీయము. ఇందుమూలముగా ఈ కేంద్రము ఇకపై నిరంతర సన్నీకరణ విధానమును అవలంబించును."

"వాళ్లు ఇప్పుడున్న సన్నమే బాగుందన్నారు కదండీ" అన్నాను, హెడ్డు గుమాస్తాగా నా ధర్మం కాబట్టి.

"పానకాలరావు గారూ, 'చాలు' అను పదము ప్రగతి నిఘంటువులో లేదు."

సన్నదనాన్ని కొలవడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. దానికాయన దగ్గర చేపల నాటి మందే ఉంది. లెక్కపెట్టాలి. తులం పొగాకులో ఎన్ని పోగులుంటే అంత సన్నం. అప్పటి బుడేసాహెబు కోత లెక్కపెడితే తులానికి రెండు వేల చిల్లర తేలింది. ఏప్రిల్ లక్ష్యం మూడు వేలు అన్నారు.

పన్నెండు మంది గుమాస్తాల్ని హాల్లో వరసగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కడి ముందూ ఒక తెల్లకాగితం, దానిమీద పొగాకు, చేతిలో చిన్న పట్టకారు. పోగులు ఎగిరిపోతున్నాయని ఫ్యాన్లు కట్టేశారు. ఒంగోలు ఎండల్లో, మే నెలలో, ఫ్యాను లేకుండా! చెమట బొట్టు పడ్డ పోగు బరువు మారుతుందని తువ్వాళ్లు ఇచ్చారు. తర్వాత ఇంకో సర్క్యులర్ వచ్చింది. "లెక్కింపు సమయమున ఉద్యోగులు ఉచ్ఛ్వాస నిశ్వాసములను బల్లకు అభిముఖముగా కాక, పక్కకు తిరిగి జరుపవలెను." పక్కకు తిరిగి వదిలితే పక్కవాడి పోగులు లేచిపోయేవి. రోజుకి రెండు కొట్లాటలు జరిగేవి.

ఒకరోజు సాయంత్రం ఒక పోగు తగ్గింది. ఆఫీసు తలుపులు మూసి వెతికారు. చివరికది డిస్పాచ్ గుమాస్తా మీసంలో దొరికింది. మర్నాడు, మీసాలున్న ఉద్యోగుల్ని లెక్కింపు నుంచి మినహాయిస్తూ ఆర్డరు. పదిహేను రోజులు తిరిగేసరికి ఆఫీసులో మీసం లేని మగవాడు లేడు. నాక్కూడా జీవితంలో మొదటిసారి మీసం వచ్చింది, నా భార్య నన్ను గేటు దగ్గరే ఎవరు కావాలండీ అని అడిగింది. దాంతో ఇంకో ఆర్డరు దిగింది. ప్రభుత్వ ఖర్చుతో మంగలిని పిలిపించి అందరికీ నున్నగా గొరిగించారు.

ఈ గోలలో బుడేసాహెబు మూడు వేలు దాటించాడు. జూన్‌కి ఆరు వేలన్నారు. కత్తి నూరీ నూరీ సగానికి అరగదీసి అయిదు వేల తొమ్మిది వందలు తెచ్చాడు. ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వేళ్లకి గుడ్డపేలికలు చుట్టుకుని ఉన్నాడు.

"ఇంక కత్తి దిగదు సారూ. నా వల్ల గాదు. సర్టిఫికెట్టు ఇయ్యరంటగా?"

అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. అందుకు నన్ను చెప్పుచ్చుకుని కొట్టినా పాపం లేదు.

"పొడుగ్గానే ఎందుకు కొయ్యటం? అడ్డంగా కూడా కొయ్యి. ఒక పోగు రెండవుద్ది. వాళ్లు లెక్కే చూస్తారు గానీ పొడుగు చూస్తారా ఏంది?"

అతను నా ముఖంలోకి వెర్రిచూపు చూశాడు. "అప్పుడది కోతెట్టా అయిద్ది సారూ? కొత్తిమీర తరిగినట్టుంటది."

"డిసెంబరు దాకా కొత్తిమీరే తరుగు. పర్మనెంటు అయినాక నీ ఇష్టం."

ఆరు వేలు కాస్తా పన్నెండు వేలయింది. డైరెక్టరుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆగస్టుకి పాతిక వేలు, సెప్టెంబరుకి యాభై వేలు, నవంబరుకి లక్ష అని గోడమీద పెద్ద పటం వేయించారు. బుడేసాహెబు అడ్డంగా కోశాడు, నిలువుగా కోశాడు, మూలగా కోశాడు. అక్టోబరులో కత్తి మానేసి ఇంటి నుంచి రోలూ రోకలీ తెచ్చుకున్నాడు. రోకలి చప్పుడు వినపడినప్పుడల్లా నేను తల దించుకుని ఫైలు చూసేవాణ్ణి.

విక్టర్ గారి సంగతి చెప్పాలి. జూలైలో తాగి "నాలిక కాలింది" అని ఫారంలో రాశారు. సెప్టెంబరులో, "దమ్ము లాగితే పొగకు బదులు పొగాకే నోట్లోకి వచ్చింది, ఉమ్మేశాను" అని రాశారు. అక్టోబరులో పైపుని డైరెక్టరుగారి బల్ల మీద బోర్లించి ఊపి చూపించారు.

"ఇదేందయ్యా ఇది? పైపులో తాగేదేనా? మీలో ఒక్కడన్నా తాగి చూశాడా?"

డైరెక్టరుగారు చలించలేదు. "విక్టర్ గారూ, ఆస్వాదన వైయక్తికము. పోగు వస్తుగతము. వైయక్తికమును లెక్కింపజాలము కనుక ఫారములో మీ గడిని తొలగించుచున్నాము. మరియు ప్రమాణ వ్యతిరేక ధోరణి కారణముగా ఆస్వాదన కమిటీని సస్పెండు చేయుచున్నాము."

"ఎవర్ని, నన్నా?"

"తమర్ని కాదు, కమిటీని. కమిటీలో తమరు ఉండుట యాదృచ్ఛికము."

నవంబరులో లక్ష పోగుల తులం తయారైంది. పన్నెండు మందీ పదిహేను రోజులు కూర్చున్నా తులంలో పావువంతు లెక్క తెమల్లేదు. ముగ్గురికి కళ్లజోళ్లు వచ్చాయి. చివరికి డైరెక్టరుగారే చిటికెడు తీసి వెలుతురులో చూసి, లెక్కకు అందనిదే అత్యున్నతం కాబట్టి దీన్ని "అసంఖ్యాక శ్రేణి"గా ప్రకటించారు. బుడేసాహెబు మెడలో దండ వేశారు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. ఇంక పర్మనెంటు ఆర్డరు టైపు కొట్టడమే తరువాయి. బుడేసాహెబు భార్య ఫాతిమాబీ ఆఫీసు మొత్తానికి పాయసం పంపింది. అతను మాత్రం తినకుండా మెడలో దండతో మొద్దు దగ్గర కూర్చున్నాడు. పోనీలే, తిండికి ఢోకా లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

డిసెంబరు పదో తారీఖున జీపు వచ్చి ఆగింది. నస్యం నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరు ఆదిశేషయ్య దిగాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో లావుపాటి రూలు పుస్తకంతో.

"లైసెన్సు లేకుండా ఇచ్చట నస్యం తయారగుచున్నట్లు సమాచారము" అన్నాడు.

ఆఫీసు భాషలో నస్యం, మాలాంటి వాళ్ల భాషలో ముక్కుపొడుం. డైరెక్టరుగారు కస్సుమన్నారు. "ఇది నస్యము కాదు. అసంఖ్యాక శ్రేణి సన్నకోత పైపు పొగాకు."

"చిటికెకు అందినచో నస్యము, వేళ్లకు అందినచో పొగాకు. మా పుస్తకంలో ఉంది. వివాదము ఏర్పడినచో పరీక్ష కూడా ఉంది." పేజీ తిప్పి చదివాడు. "సదరు పదార్థమును సంస్థ బాధ్యులు పైపులో పెట్టి కాల్చగా, దగ్గు వచ్చినచో పొగాకు. తుమ్ము వచ్చినచో నస్యము. ఎక్కువ ఏది వచ్చిన అదియే ఖాయము."

పైపు తాగడం తెలిసినవాడు విక్టర్ గారొక్కరే. నన్ను పరిగెత్తించారు. ఆయన ఇంటి ముందు కుర్చీలో ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. సంగతి విని తాపీగా, "నేను సస్పెన్షన్లో ఉన్నా కదయ్యా. రూలు రూలే" అన్నారు. ఆయన పైపు మాత్రం అరువిచ్చారు.

విధిలేక డైరెక్టరుగారే కూర్చున్నారు. బాధ్యులు కాబట్టి. జన్మలో అగ్గిపెట్టె తాకని మనిషి. పైపు నింపితే పొడుం అడుగు కన్నంలోంచి గొట్టంలోకి జారింది. తొమ్మిది పుల్లలు గీశారు. పదో పుల్లకి అది అంటుకోగానే గట్టిగా ఒక్క దమ్ము లాగారు.

ముందొక దగ్గు వచ్చింది. మేమందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఆయన ముఖం ముడుచుకుంది, కళ్లు మూతపడ్డాయి, ముక్కు అదిరింది. తుమ్ములు మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టరు నోటుబుక్కులో గీతలు గీస్తూనే ఉన్నాడు.

"అది... హాఛ్! అది దగ్గే! హాఛ్! స్వరూపమున తుమ్ము... హాఛ్! సారాంశమున దగ్గు!"

"ఒక దగ్గు, పదకొండు తుమ్ములు" అని ఇన్‌స్పెక్టరు చదివాడు. సాక్షిగా నేను సంతకం పెట్టాను.

వారంలో విలీనం ఉత్తర్వు వచ్చింది. మా కేంద్రాన్ని నస్యం శాఖలో కలిపేశారు. ఇంత సన్నటి నస్యాన్ని దేశంలో ఎవరూ తయారు చేయలేదు కనుక డైరెక్టరుగారికి ఆ శాఖలో ప్రమోషను. ఫైళ్లు రాసే ఇరవై ఏడుగురికీ ఏ ఢోకా లేదు, ఇకనుంచి నస్యం గురించి రాస్తాం. చిక్కంతా బుడేసాహెబుకే వచ్చింది. అతని సర్టిఫికెట్ కోత గురించి. నస్యం శాఖలో కోతే లేదు. ఒక పర్మనెంటు దంపుడు పోస్టు ఖాళీగా ఉంది గానీ, దానికి పదిహేనేళ్ల నస్యం అనుభవం కావాలి.

ఆదిశేషయ్య చెడ్డవాడు కాదు. దారి అతనే చూపించాడు. "పంతొమ్మిదేండ్లుగా ఇచ్చట నస్యమే తయారు చేసితినని డిక్లరేషన్ ఇయ్యమనండి. లైసెన్సు లేని నేరము విలీనంలో మాఫీ. పోస్టు ఇతనిదే. ఒక్క మాట అదనంగా ఉండాలి. తనకు పొగాకు కోయుట తెలియదని, ఎన్నడునూ కోసి ఎరుగనని. కోత వచ్చినవానిని దంపుడుకు తీసుకొన్నచో ఆడిట్ వారు ఒప్పుకోరు."

డిసెంబరు ముప్పైన ఆ కాగితం టైపు కొట్టించి బుడేసాహెబు ముందు పెట్టాను. చదివి వినిపించాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"ఈ ఆఖరి ముక్క తీసేస్తే కుదరదా సారూ?"

"కుదరదయ్యా. అడిగా."

"మా నాయన నేర్పిన పని సారూ. రాదని ఎట్టా రాసిచ్చేది?"

అడ్డంగా కొయ్యమని చెప్పిన నోరు ఇదే కదా. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది. "ఇంటికి పోయి ఫాతిమాబీకి ఏం చెప్తావు మరి?" అన్నాను చివరికి. అతను లేచి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి, సంతకం పెట్టాడు.

జనవరి ఒకటో తారీఖున ఇస్త్రీ చొక్కాతో విక్టర్ గారు వచ్చారు. కేంద్రమే లేకపోయాక సస్పెన్షనూ లేదని ఆయన లెక్క. వరండాలో కొత్త ఖాకీ బట్టల్లో బుడేసాహెబు రోకలితో నిలబడి ఉన్నాడు. రోట్లో నస్యం. కొంచెం అవతల కుర్చీలో ఆదిశేషయ్య కూర్చుని స్టాకు రాసుకుంటున్నాడు.

"పర్మనెంటు అయిందంటగా, సంతోషం!" అన్నారు విక్టర్ గారు, పైపు తీసి తుడుచుకుంటూ. "ఆర్నెల్లయిందయ్యా సరైన పొగ తగిలి. ఆ పాత మొద్దు మీద ఒక్క చారెడు కోసియ్యి బుడే. చలికాలం కోత."

బుడేసాహెబు నేలవైపు చూస్తూ, "నాకు కోయటం రాదు గార్డుగారూ" అన్నాడు.

విక్టర్ గారు పడీపడీ నవ్వారు. ఎదుటివాడు నవ్వట్లేదని చూసి ఆపారు. "ఇదేం సరసమయ్యా? మరి పంతొమ్మిదేళ్లు నేను తాగిందేంది?"

బుడేసాహెబు నా వంక చూశాడు. నేను ఫైలు విప్పాను. నాకు ఆఫీసు గొంతే వచ్చింది. "రికార్డు ప్రకారం మీరు పొగ తాగలేదండీ. పంతొమ్మిదేళ్లుగా తుమ్ముతున్నారు."

ఆ దారి చూపినవాడే అయినా, సంతకం పడ్డాక రూలే దైవం కాబట్టి, ఆదిశేషయ్య కలం ఆపి తలెత్తాడు. "ఏమిటి వారనునది? ఇతను కోసేవాడా? డిక్లరేషనులో కోయుట రాదని ఉన్నదే?" అంటూ లేచి వచ్చాడు. అతని చంకలో రూలు పుస్తకం ఉంది.

"కోసేవాడని నేనంటే ఏమవుద్ది?" అని విక్టర్ గారు మెల్లిగా నన్నడిగారు.

"అబద్ధపు డిక్లరేషన్ కింద ఇవాళే తీసేస్తారండీ" అన్నాను ఆయన చెవి దగ్గర.

ఆయన చేతిలో పైపుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత దాన్ని జేబులో పెట్టేసుకుని, రోటి దగ్గరికి వెళ్లి, వంగి, చిటికెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పీల్చనన్నా పీల్చలేదు, నేను కళ్లారా చూశాను. పీల్చకుండానే, వరండా కప్పు ఎగిరిపోయేటంత గట్టిగా తుమ్మారు.

"అబ్బ! ఏం ఘాటండీ బుడే పొడుం!" అన్నారు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, కళ్లు తుడుచుకుంటూ. "పంతొమ్మిదేళ్ల అలవాటండీ. ఇది లేందే నాకు తెల్లారదు."

ఆదిశేషయ్య నోటుబుక్కు తీసి ఒక గీత గీశాడు.

"నూరేళ్లు గార్డుగారూ, నూరేళ్లు" అన్నాడు బుడేసాహెబు. అని, రోకలి ఎత్తి మళ్లీ దంచడం మొదలుపెట్టాడు.